హర్ కీ దూన్ లోయలో ఏ దారి పట్టాలి: తరచుగా అడిగే ప్రశ్నలు

ఉత్తరాఖండ్‌లోని ఉత్తరకాశీ జిల్లాలో, టోన్స్ నదికి నీరందించే లోయల్లో సంక్రీ అనే చిన్న ఊరు ఉంది. హర్ కీ దూన్, రుయిన్సారా, కేదార్‌కాంఠా, బాలి పాస్ వంటి దారులన్నీ అక్కడి నుంచే చీలుతాయి. (పాస్ అంటే కొండల వరుసను దాటే కనుమ.) డేరా, తిండి, పక్క అన్నీ వీపున మోసుకుంటూ ఆ లోయల్లోకి వెళ్లాలనుకునే మనవాళ్లు ఏటా పెరుగుతున్నారు. ప్రతి వేసవిలో, ప్రతి దసరా సెలవుల ముందు అవే సందేహాలు మళ్లీ వస్తున్నాయి కాబట్టి అన్నీ ఒకచోట రాశాను. ఎవరికి కావలసిన ప్రశ్న దగ్గరికి వాళ్లు నేరుగా వెళ్లవచ్చు.

దారి ఎంపికలో నేను మొదట చూసేది వెనక్కి తిరిగే వీలు. ఎక్కడ ఇబ్బంది వస్తే ఎటు దిగి, ఎన్ని గంటల్లో మనుషులున్న చోటికి చేరతామో తేలాకే మిగతా లెక్కలు వేస్తాను. ఈ జవాబులన్నిటిలోనూ ఆ మొగ్గు కనిపిస్తుంది.

## మొదటి దశ: ఏ దారి?

సంక్రీ నుంచి ఏయే దారులున్నాయి? వాటి మధ్య తేడా ఏమిటి?

కేదార్‌కాంఠా ఒక శిఖరం. ఎత్తు దాదాపు 3,800 మీటర్లు, నడక నాలుగైదు రోజులు. శీతకాలపు మంచుకు పేరు పడడంతో జనం ఎక్కువ. హర్ కీ దూన్ నది వెంబడి సాగే లోయ దారి. చివరి మైదానం ఎత్తు దాదాపు 3,560 మీటర్లు, వెళ్లిన దారిలోనే తిరిగి వస్తాం. దారిలోని ఓస్లా అనే ఊరు దాటాక నది మరో పాయ పట్టుకుంటే రుయిన్సారా సరస్సు వస్తుంది. దాని ఎత్తు సుమారు 3,500 మీటర్లు. అక్కడి నుంచి ఇంకా పైకెళ్తే దాదాపు 4,950 మీటర్ల ఎత్తున బాలి పాస్ ఉంది. అది దాటితే యమునోత్రి వైపు జానకీ చట్టీలో దిగుతాం. 5,000 మీటర్లకు పైబడిన బోరాసు పాస్ హిమాచల్‌లోని ఛిట్‌కుల్ వైపు తీసుకెళ్తుంది. ఈ చివరి రెండూ మంచు, హిమానీనదాల మీద నడిచిన అనుభవం ఉన్నవారి దారులు.

హిమాలయాలకు ఇదే మొదటిసారి. సొంతంగా బరువు మోయాలని ఉంది. ఏది మంచిది?

హర్ కీ దూన్. దీనికి నాకు మూడు కారణాలున్నాయి. దారి పొడవునా గంగాడ్, ఓస్లా వంటి ఊళ్లు ఉన్నాయి కాబట్టి మొదటి రెండు రోజులు ఏ తేడా వచ్చినా మనుషులు దగ్గరలోనే ఉంటారు. ఎత్తు మెల్లగా పెరుగుతుంది. ఎక్కడైనా సరే వెనక్కి తిరిగి నడిస్తే చాలు, క్షేమంగా దిగిపోతాం. మైదానంలో నిలబడితే ఎదురుగా స్వర్గారోహిణి శిఖరాలు కనిపిస్తాయి. పాండవులు స్వర్గానికి ఎక్కిన దారి ఇదేనని అక్కడివారి నమ్మకం. భారతం వింటూ పెరిగిన మనకు ఆ పేరు వినగానే ఒళ్లు పులకరిస్తుంది.

వీడియోల్లో బాలి పాస్ చూశాం. రోజూ పది కిలోమీటర్లు పరిగెత్తుతాం. నేరుగా అక్కడికే వెళ్లకూడదా?

వద్దు. పరుగు వల్ల గుండెకూ కాళ్లకూ బలం వస్తుంది. పలుచని గాలికి శరీరం అలవాటు పడే వేగం మాత్రం దానివల్ల పెరగదు. బాగా పరిగెత్తేవారు తొందరగా ఎక్కేసి ముందుగా జబ్బు పడడం కూడా ఉంది.

బాలి పాస్‌లో అసలు కష్టం పాస్ దాటాక మొదలవుతుంది. యమునోత్రి వైపు దిగుడు నిటారుగా, ఇరుకుగా ఉంటుంది. కింద గట్టి మంచు ఉంటే ఒక్క అడుగు జారినా ఆగడం కష్టం. మంచుగొడ్డలితో జారుడును ఆపుకోవడం ముందే నేర్చుకుని ఉండాలి. పైగా ఒకసారి దాటాక గాలివాన వస్తే అదే పాస్ తిరిగి ఎక్కి సంక్రీ వైపు రావడం దాదాపు అసాధ్యం. ముందు రుయిన్సారా వరకు వెళ్లి రండి. ఆ ఎత్తులో బరువుతో రెండు రాత్రులు హాయిగా గడిపాక మరుసటి ఏడాదికి బాలి పాస్ అనుకోండి.

వెళ్లిన దారినే తిరిగి రావడం విసుగు కాదా? ఒకవైపు ఎక్కి మరోవైపు దిగే దారి మేలు కాదా?

చూడడానికి మేలే. కానీ దానికి మూడు షరతులున్నాయి. మధ్యలో ఆగిపోతే ఏ వైపు దిగాలో ప్రతి రాత్రి బసకూ ముందే తెలిసి ఉండాలి. రెండో వైపు వాహనం కుదుర్చుకోవాలి. సంక్రీలో కారు వదిలి జానకీ చట్టీలో దిగితే కారు వేరే లోయలో ఉండిపోతుంది, చార్‌ధామ్ యాత్ర రోజుల్లో జానకీ చట్టీలో బండి దొరకడం కూడా తేలిక కాదు. ఇక మూడోది, గుంపులో అందరూ ఆ పాస్ దాటగలగాలి. ఒక్కరు దాటలేకపోయినా అందరూ వెనక్కి రావాల్సిందే.

వెళ్లిన దారినే రావడం విసుగు అన్న మాట నాకు ఎప్పుడూ నిజమనిపించలేదు. ఓస్లా దగ్గర ఉదయం ఎక్కేటప్పుడు కళ్లు అడుగుల మీదే ఉంటాయి. తిరిగి దిగేటప్పుడే అంచెలంచెలుగా ఉన్న రాజ్‌మా, చోలాయి (గింజల కోసం పెంచే తోటకూర) చేలు, చెక్క ఇళ్ల చెక్కడాలు, ఎదుటి వాలు మీద దేవదారు అడవి కంటపడతాయి.

ఆఫీసులో ఎన్ని రోజులు సెలవు పెట్టాలి?

హర్ కీ దూన్‌కు పది, పదకొండు రోజులు. డెహ్రాడూన్ నుంచి సంక్రీకి దాదాపు 200 కిలోమీటర్ల కొండ రోడ్డు. ముస్సోరీ, పురోలా, మోరీ మీదుగా ఒక పగలంతా పడుతుంది. అంటే హైదరాబాదు నుంచి రానూ పోనూ నాలుగు రోజులు ప్రయాణానికే పోతాయి. నడకకు ఐదారు రోజులు తీసేస్తే ఒక రోజైనా అదనంగా మిగలాలి. ఆ రోజును ముందే ఏదో ఒక చూడదగ్గ చోటికి కేటాయించకండి. వాన పడినా, ఎవరికైనా తల తిరిగినా, మోరీ దగ్గర కొండచరియలు పడి రోడ్డు మూసుకుపోయినా కాపాడేది ఆ ఒక్క రోజే.

సెలవు వారమే దొరికితే హర్ కీ దూన్‌ను కుదించకండి. ఓస్లా వరకు వెళ్లి రెండు రాత్రులు ఉండి వచ్చేయండి.

రోజుకు ఎన్ని కిలోమీటర్లు పెట్టుకోవాలి?

కిలోమీటర్ల కంటే ఎక్కుడును చూడండి. పర్వతారోహకులు వాడే పాత లెక్క ఒకటి ఉంది: సమతలంలో గంటకు ఐదు కిలోమీటర్లు, ఆపైన ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకు మరో గంట. ఓస్లా నుంచి హర్ కీ దూన్‌కు దాదాపు 11 కిలోమీటర్లు, ఎక్కుడు సుమారు 1,000 మీటర్లు. దూరానికి రెండు గంటల పావు, ఎక్కుడుకు గంటా నలభై నిమిషాలు, మొత్తం నాలుగు గంటలు. ఇది బరువు లేని, కొండలకు అలవాటు పడిన మనిషి లెక్క. వీపున 13 కిలోలు, పలుచని గాలి, మధ్యలో భోజనం కలిపితే ఆరు గంటలకు తగ్గదు.

అయితే సమయం కంటే పెద్ద చిక్కు ఆ ఒక్కరోజు ఎక్కుడే. 3,000 మీటర్లు దాటాక రాత్రి పడుకునే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదని పర్వత వైద్యుల సలహా. అందుకే ఓస్లా నుంచి ఒకే దెబ్బలో ఎక్కకుండా మధ్యలో కాల్కత్తియాధార్ దగ్గర ఒక రాత్రి ఆగే ప్రణాళికనే ఎంచుకోండి.

మా గుంపులో అందరూ ఒకే వేగంతో నడవరు. దారిని ఎవరి శక్తిని బట్టి ఎంచుకోవాలి?

అందరికంటే నెమ్మదిగా నడిచే మనిషిని బట్టి. ఆ మనిషికి ఆరు గంటలు పట్టే దూరమే ఆ రోజు దూరం. ఈ మాట బయలుదేరే ముందే, ఆ మనిషి ఎదుటే, అందరూ ఒప్పుకోవాలి. కొండ మీద చెబితే నిందలా వినిపిస్తుంది.

మన దగ్గర కొండలు లేవు కదా, సాధన ఎలా?

ఎత్తు లేదనడం నిజమే. ఆంధ్రప్రదేశ్‌లోని అతి ఎత్తైన కొండల్లో ఒకటైన అర్మకొండ 1,680 మీటర్లే. నడక మొదలయ్యే సంక్రీయే అంతకంటే ఎత్తు. కానీ మెట్లున్నాయి. అలిపిరి దారిలో 3,550 మెట్లు ఎక్కడం మంచి పరీక్ష. మీ ఊళ్లో ఎత్తైన గుడి మెట్లున్నా, పది అంతస్తుల భవనం ఉన్నా చాలు. నీళ్ల సీసాలతో నింపిన బ్యాగుతో ఎక్కండి, అదే బరువుతో దిగండి. మోకాళ్లను దెబ్బతీసేది దిగుడే కాబట్టి దాన్ని వదలొద్దు. బయలుదేరడానికి రెండు మూడు నెలల ముందు మొదలుపెట్టి, బరువును వారం వారం పెంచుతూ పోండి.

## రెండో దశ: ఏ నెల?

మే మంచిదా, అక్టోబరు మంచిదా?

రెండూ మంచివే, కానీ తీరులు వేరు. మే నెలలో పువ్వులుంటాయి, వాగుల్లో నీరు ఎక్కువ, పై చోట్ల పాత మంచు ఇంకా ఉంటుంది, మధ్యాహ్నాలు ఉరుములతో వాన రావచ్చు. సెప్టెంబరు రెండో సగం నుంచి అక్టోబరు వరకు గాలి కడిగినట్టు ఉంటుంది, శిఖరాలు స్పష్టంగా కనిపిస్తాయి, వాగులు తగ్గుతాయి. రాత్రిళ్లు మాత్రం సున్నాకు దిగువకు వెళ్తాయి.

మొదటిసారి వెళ్లేవారికి నేను అక్టోబరు మొదటి వారాలే చెబుతాను. అలాగని ఆ నెలను గుడ్డిగా నమ్మవద్దు. 2021 అక్టోబరు 17 నుంచి 19 వరకు ఉత్తరాఖండ్‌లో అకాల వర్షాలు ముంచెత్తాయి, పైన విపరీతంగా మంచు పడింది. హర్సిల్ నుంచి లమ్‌ఖాగా పాస్ మీదుగా ఛిట్‌కుల్ వెళ్తున్న బృందంలో పలువురు ప్రాణాలు కోల్పోయారు. 2024 జూన్ మొదట్లో సహస్రతాల్ దారిలో మంచుగాలిలో చిక్కుకుని కర్ణాటక నుంచి వెళ్లిన బృందంలో 9 మంది మరణించారు. ఇవి రెండూ మంచి కాలమని అందరూ చెప్పే రోజులే.

జులై, ఆగస్టుల్లో మాత్రమే సెలవు దొరుకుతుంది. వెళ్లవచ్చా?

ఈ లోయకు వద్దు. వానల్లో నడక కంటే రోడ్డే ప్రమాదం. ఆ నెలల్లో వానలు తక్కువగా ఉండే లదాఖ్, స్పితి వైపు దారులు చూసుకోండి. కాకపోతే అక్కడ బయలుదేరే చోటే 3,000 మీటర్లు దాటి ఉంటుంది కనుక మొదటి రెండు రోజులు నడవకుండా ఊళ్లోనే గడపాలి.

పిల్లలు మంచు చూడాలంటున్నారు. డిసెంబరులో హర్ కీ దూన్?

డిసెంబరులో మంచుకు కేదార్‌కాంఠా సరిపోతుంది, అదీ స్థానిక గైడుతో. హర్ కీ దూన్ లోయలో శీతకాలం నడక చాలా కష్టమైన వ్యవహారం. పగలు తక్కువ, వాలుల మీద గడ్డకట్టిన మంచు, దగ్గరలో మనుషులుండరు.

## మూడో దశ: అనుమతి, గైడు, పటం

అనుమతి కావాలా? ఎక్కడ ఇస్తారు?

కావాలి. ఈ లోయ 1955లో ఏర్పాటైన గోవింద్ వన్యప్రాణి అభయారణ్యంలోకి వస్తుంది. అటవీశాఖ చెక్‌పోస్టు సంక్రీకి ముందు నైట్వార్‌లో ఉంది. గుర్తింపు కార్డు నకళ్లు, ఫొటోలు వెంట ఉంచుకోండి. రుసుములు, పద్ధతులు మారుతుంటాయి కనుక బయలుదేరే వారంలో ఫోను చేసి కనుక్కోండి. బోరాసు వంటి సరిహద్దు దగ్గరి దారులకు అదనపు అనుమతులు కావాలి, వాటికి రోజులు పడతాయి.

గైడు లేకుండా మేమే వెళ్లవచ్చా?

ఓస్లా వరకు దారి స్పష్టంగా ఉంటుంది, తప్పిపోయే అవకాశం తక్కువ. అయినా సంక్రీ మనిషిని ఒకరిని తీసుకెళ్లండి. ఏ వాగు మీద నిన్న వంతెన కొట్టుకుపోయిందో, ఎక్కడ ఎలుగుబంటి తిరుగుతోందో ఏ పటంలోనూ ఉండదు. ఆ లోయలో పనులు తక్కువ, మీరిచ్చే కూలి ఒక ఇంటికి ఆసరా అవుతుంది. పాస్‌ల విషయంలో మాత్రం ఇది సలహా కాదు, గైడు లేకుండా కదలకండి.

పచ్చిక మైదానంలో డేరా వేసుకోవాలని కల. వేయవచ్చా?

2018 ఆగస్టులో ఉత్తరాఖండ్ హైకోర్టు బుగ్యాల్‌లలో, అంటే ఎత్తైన పచ్చిక మైదానాల్లో, రాత్రి బసను నిషేధించింది. అదే రాష్ట్రంలోని రూప్‌కుండ్ సరస్సు దారి ప్రణాళికలు తలకిందులైంది అందువల్లే. కాబట్టి ఎక్కడ డేరా వేయవచ్చో చెక్‌పోస్టులోనే అడిగి, వాళ్లు చూపిన చోటే వేయండి. ఆ గడ్డి ఏడాదిలో కొన్ని నెలలే పెరుగుతుంది. ఒకసారి నలిగి మట్టి తేలితే కోలుకోవడానికి ఏళ్లు పడుతుంది.

ఫోనులో పటం చాలదా?

సంక్రీ దాటాక సిగ్నల్ మీద ఆశ పెట్టుకోవద్దు. ఇంటి దగ్గరే పటాన్ని ఫోనులోకి దింపుకోండి, సమోన్నత రేఖలు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు) కనిపించే రకం అయితే మేలు. ఆ రేఖలు దగ్గరగా ఇరుక్కున్న చోట నిటారు వాలు, ఎడంగా ఉన్న చోట డేరాకు వీలైన నేల. ప్రతి బసకూ ఒక కాగితం మీద మూడు విషయాలు రాసుకోండి: ఎత్తు, దగ్గరలోని నీరు, కిందికి దిగితే వచ్చే మొదటి ఊరు. మూడో గడి ఖాళీగా మిగిలిందంటే ఆ దారికి మీరు ఇంకా సిద్ధంగా లేరు. చలికి బ్యాటరీ త్వరగా పడిపోతుంది, రాత్రి ఫోనును పక్కలోనే పెట్టుకోండి.

అమెరికాలో ఉన్న మా తమ్ముడు ఉపగ్రహం ద్వారా సందేశాలు పంపే పరికరం తెస్తానంటున్నాడు. తెమ్మనమంటారా?

వద్దని గట్టిగా చెప్పండి. అనుమతి లేకుండా శాటిలైట్ ఫోన్లు, అలాంటి సందేశ పరికరాలు మన దేశంలో ఉంచుకోవడం నేరం. విమానాశ్రయాల్లో అరెస్టయినవారు ఉన్నారు. అమెరికా కొండల్లో అది మామూలు వస్తువు కాబట్టి చాలామందికి ఈ సంగతి తెలియదు. దానికి బదులు రోజువారీ ప్రణాళికను రాసి ఒక ప్రతి సంక్రీలో బస చేసిన ఇంట్లో, మరొకటి మన ఇంట్లో ఇవ్వండి. ఫలానా తేదీ సాయంత్రానికి ఫోను రాకపోతే 112కు చెప్పాలని అందులోనే రాయండి.

## నాలుగో దశ: బరువు, తిండి

బ్యాగు ఎంత బరువు ఉండవచ్చు?

మీ శరీర బరువులో ఐదో వంతు. 65 కిలోల మనిషికి 13 కిలోలు. అంతకు మించితే బట్టలు తీసేయండి, వెచ్చని పక్క మాత్రం తీసేయకండి. తగ్గించలేకపోతే సంక్రీలో కూలీనో కంచర గాడిదనో మాట్లాడుకోండి. అందులో చిన్నతనం ఏమీ లేదు.

అన్నం, పప్పు వండుకోగలమా?

హర్ కీ దూన్ ఎత్తులో నీళ్లు 88 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. కుక్కరు లేకుండా కందిపప్పు ఉడకడానికి చాలాసేపు పడుతుంది, గ్యాస్ అయిపోతుంది. అందుకే వండే పని ఇంట్లోనే చాలావరకు ముగించుకోండి. రవ్వను నేతిలో దోరగా వేయించి, ఆవాలు, మినపప్పు, జీడిపప్పు, ఎండుమిర్చి, కరివేపాకుతో తాలింపు పెట్టి, కరివేపాకు గలగలలాడేదాకా వేగాక చల్లార్చండి. ఉప్పు కలిపి ఒక్కొక్క పూటకు ఒక్కొక్క సంచిలో కట్టండి. మరిగే నీళ్లలో పోసి మూత పెడితే ఐదు నిమిషాల్లో ఉప్మా. అటుకులు, కందిపొడి, వేరుశనగ చిక్కీ, నువ్వుండలు బరువుకు తగ్గ శక్తినిస్తాయి. ఆవకాయ సీసాలో వద్దు, చిన్న డబ్బాలో నూనె వంచేసి తీసుకెళ్లండి. ఎత్తులో నాలుకకు రుచి తెలియనప్పుడు రెండు ముద్దలు దిగేది దానివల్లే.

ఊళ్లలో బస చేసే రోజులకు తిండి మోయనక్కర్లేదు. రొట్టె, రాజ్‌మా వాళ్లే వండి పెడతారు.

గ్యాస్ డబ్బా విమానంలో తీసుకెళ్లవచ్చా?

చేతి సంచిలోనైనా, లోపల వేసే సామానులోనైనా ఒప్పుకోరు. డెహ్రాడూన్‌లో దుకాణానికి ముందే ఫోను చేసి ఉంచుకోమనండి. పవర్ బ్యాంకు మాత్రం చేతి సంచిలోనే ఉండాలి.

వాగు నీళ్లు తాగవచ్చా?

నేరుగా వద్దు. ఎంత తేటగా ఉన్నా పైన గొర్రెల మందలు మేస్తుంటాయి. 2,000 మీటర్ల పైన మూడు నిమిషాలు మరిగించాలి, లేదా వడపోత వాడాలి.

## ఐదో దశ: దారిలో

తలనొప్పి వస్తే ఆగాలా, నడవాలా?

తలనొప్పితో పాటు వికారం, ఆకలి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం ఉంటే ఎత్తు వల్ల వచ్చిన అస్వస్థతే అనుకోండి. ఆ రోజు పైకి వెళ్లవద్దు. తగ్గితే మరుసటి రోజు చూడవచ్చు, పెరిగితే దిగాలి. కూర్చున్నా ఆయాసం, ఆగని దగ్గు ఉంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతున్న గుర్తు. మడమకు బొటనవేలు ఆనించి తిన్నగా పది అడుగులు వేయమంటే తూలితే, మాట తడబడితే, మెదడు వాస్తోంది. ఈ రెండింటికీ చీకటైనా, వానైనా వెంటనే కిందికి దించాలి. ఒంటరిగా పంపకూడదు. ఎత్తు వల్ల వచ్చే అస్వస్థతను నివారించే అసిటజోలమైడ్ మాత్రలు ముందుగా వాడే విషయం మీ వైద్యుడితో మాట్లాడండి, సల్ఫా మందులు పడనివారు తప్పక చెప్పాలి. మాత్ర వేసుకున్నామని వేగం పెంచవద్దు.

వాగు దాటాల్సి వస్తే?

మంచు కరిగి వచ్చే వాగుల్లో మధ్యాహ్నానికి నీరు పెరుగుతుంది. తెల్లవారగానే దాటండి. బ్యాగు నడుము పట్టీ విప్పేయండి, జారితే బ్యాగు మిమ్మల్ని లాక్కుపోకూడదు. చెప్పులు లేకుండా దిగవద్దు. మే, జూన్‌లలో వాగు మీద కనిపించే మంచు వంతెనను గైడు కర్రతో పొడిచి చూశాకే తొక్కండి.

వెనక్కి తిరగాలని ఎప్పుడు నిర్ణయించుకోవాలి?

బయలుదేరే ముందు. ఎన్ని గంటలకు ఎక్కడ ఉండకపోతే తిరిగి వచ్చేస్తామో డేరాలో కూర్చుని, పొట్ట నిండి ఉన్నప్పుడు రాసుకోండి. హర్ కీ దూన్ మైదానం నుంచి పైకి మారిందా సరస్సు వైపు వెళ్లే రోజున మధ్యాహ్నం పన్నెండు గంటలు నా గీత. పన్నెండయితే సరస్సు ఎదురుగా కనిపిస్తున్నా తిరిగిపోతాను.

ఓస్లా గుడి లోపలికి వెళ్లవచ్చా? ఊరివాళ్లతో ఎలా ఉండాలి?

చెక్కతో కట్టిన ఆ గుడిని బయటి నుంచి చూడండి, లోపలికి వెళ్లే ముందు, ముట్టుకునే ముందు ఊరివారిని అడగండి. ఆ గుడి దుర్యోధనుడిదని బయటివారు చెప్పుకుంటారు, ఊళ్లో చాలామంది సోమేశ్వరుడని చెబుతారు. దాని మీద వాదన పెట్టుకోవద్దు. ఫొటోకు ముందు అనుమతి అడగండి. పిల్లలకు చాక్లెట్లు పంచకండి, కాగితాలన్నీ చేలల్లో చేరుతున్నాయి, దగ్గరలో పళ్ల వైద్యుడు లేడు. బడికి నోటు పుస్తకాలు ఇవ్వాలనుకుంటే ఉపాధ్యాయుడి చేతికివ్వండి. మీ చెత్తంతా, తడి కాగితాలతో సహా, సంచిలో కట్టి డెహ్రాడూన్ దాకా తెచ్చేయండి.